నల్లగొండ జట్టులో స్ప్రింట్ అంచనాలు ఎప్పుడూ తప్పుతున్నాయి: లోపం మనుషులదా, పద్ధతిదా?

పానగల్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ జట్టుకు లీడ్‌ని. నాతో కలిపి 8 మందిమి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కావలసిన సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. గేటు దగ్గర ట్రాక్టర్‌కు టోకెన్ ఇవ్వడంతో మొదలై కాంటా తూకం, తేమ శాతం, తరుగు, గోనె సంచుల లెక్క, చివరికి బియ్యం, నూకలు, తవుడు, ఊక ఎంతెంత వచ్చాయో చూపే పట్టిక వరకు అన్నీ అందులోనే ఉంటాయి. ప్రభుత్వ ధాన్యం మర ఆడించే మిల్లు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. కాబట్టి మా లెక్కలో చిన్న తేడా వచ్చినా మిల్లు యజమాని ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

మాది రెండు వారాల స్ప్రింట్, అంటే రెండు వారాలకు సరిపడా పనులు ఎంచుకుని ఆలోపు ముగించాలనుకునే విడత. మొదటి రోజు అందరం కూర్చుని పనులు ఒక్కొక్కటిగా చదువుతాం. మాలో అందరికంటే అనుభవమున్న డెవలపర్ "ఇది మూడు రోజుల పని" అంటారు. మిగతావాళ్లు తలలూపుతారు. రెండో వారం గురువారానికి సగం పనులు "దాదాపు అయిపోయింది" దగ్గరే ఆగి ఉంటాయి. స్ప్రింట్ చివర జరిగినదాన్ని వెనక్కి చూసుకునే రెట్రోస్పెక్టివ్‌లో "ఇకమీదట ఒకరితో ఒకరం ఇంకా బాగా మాట్లాడుకోవాలి" అని బోర్డు మీద రాస్తాం. తరవాతి స్ప్రింట్‌లో మళ్లీ అదే కథ.

తరుగు స్క్రీన్‌నే తీసుకోండి. తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని ప్రైవేటు కొనుగోళ్లలో ఎలా లెక్కకట్టాలనేది ఒక్కో మిల్లులో ఒక్కో తీరు. ఒకరు శాతానికి ఇంత కిలో అంటారు, ఇంకొకరు బస్తాకు ఇంత అంటారు. మూడు రోజులన్న ఆ పని స్ప్రింట్ మొత్తాన్ని మింగేసి తరవాతి స్ప్రింట్‌లోకి కూడా పాకింది. కాంటా నుంచి తూకం అందుకునే భాగంలో చిక్కు ఉందని మా జట్టులో అందరికంటే చిన్నమ్మాయికి మొదటి రోజే తెలుసు. "సార్ మూడు రోజులు అన్నాక నేనేం చెప్పను మేడమ్" అని తరవాత నాతో అంది.

హైదరాబాద్‌లోని మా ప్రధాన కార్యాలయం ఒక కోచ్‌ను పంపింది. రెండు రోజులు స్లైడ్లు చూపించి, క్రమశిక్షణ కావాలని, ధైర్యంగా మాట్లాడాలని, బాధ్యత తీసుకోవాలని చెప్పి వెళ్లారు. ఆ తరవాత అక్కడి మేనేజర్ ఒకరు ఫోన్‌లో "చిన్న ఊళ్ల జట్లకు ఓనర్‌షిప్ రాదు" అన్నారు. ఆ మాట నన్ను గుచ్చింది. నకిరేకల్ నుంచి, హాలియా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు వీళ్లు. సీజన్‌లో మిల్లు నుంచి రాత్రి ఫోను వచ్చినా ఎత్తుతారు. బాధ్యత లేదంటే నేను ఒప్పుకోను.

అయినా పని ఆగుతున్న మాట నిజం. మనిషి బుర్రకే ఉన్న పరిమితుల వల్ల ఇలా జరుగుతుందని, ఎజైల్ పద్ధతులు (పనిని మా స్ప్రింట్ల లాంటి చిన్న విడతలుగా చేస్తూ సరిచూసుకునేవి) వాటి కోసమే పుట్టాయని ఎక్కడో చదివాను. అందులో నిజమెంత? ఉంటే రోజువారీ పనిలో నేను మార్చాల్సింది ఏమిటి?

---

పిల్లలమర్రి

పానగల్లు గారూ, నేను మహబూబ్‌నగర్ వాడిని. చాలాకాలం కోడ్ రాశాను, ఇప్పుడు జట్లకు కోచ్‌గా పనిచేస్తున్నాను. ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి: లోపం మీ పిల్లలది కాదు, మీ ఊరిది అంతకంటే కాదు. మీరు రాసినది చదువుతుంటే మనిషి బుద్ధి గురించి పరిశోధకులు దశాబ్దాలుగా చూపిస్తున్నవే ఒకటొకటిగా కనబడ్డాయి.

1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పినది స్థూలంగా ఇది. మనిషి దగ్గర సమాచారం కొంతే ఉంటుంది, సమయం కొంతే, లెక్క వేయగల శక్తీ కొంతే. అందుకే అన్నిటికంటే మేలైనదాన్ని వెతుకుతూ కూర్చోడు, సరిపోయేది దొరకగానే ఆగుతాడు. ఇది చేతకానితనం కాదు, బతకడానికి అవసరమైన పద్ధతి. మొత్తం సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజే కాగితం మీద పెట్టి, ఏడాది తరవాత సరిగ్గా అదే అప్పగించాలన్న పాత పద్ధతి ఈ పరిమితి లేని మనిషిని ఊహించుకుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి ఎజైల్ ప్రకటన రాసినప్పుడు, పక్కా ప్రణాళికను పట్టుకు వేలాడటం కంటే మార్పుకు తగ్గట్టు నడవడానికే ఎక్కువ విలువ ఇచ్చారు. నా దృష్టిలో అది మన పరిమితిని ఒప్పుకున్న ప్రకటన.

ఇక మీ "మూడు రోజులు". 1979లో మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ దీన్ని గుర్తించి ప్రణాళికా భ్రమ అన్నారు. పని ఎలా సాగుతుందో మనసులో ఒకే ఒక్క దారి గీసుకుంటాం, అందులో అన్నీ సవ్యంగా జరుగుతాయి. ఇలాంటి పనులకు ఇంతకుముందు నిజంగా ఎంత పట్టిందన్నది మన దగ్గరే ఉన్నా దానివైపు చూడం. 1994లో కెనడా పరిశోధకులు డిగ్రీ థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత అంటే 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజులు. చూడండి, చెడును ఊహించమన్నా సరిపడా చెడును ఊహించలేకపోయారు. మన పక్కనే శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం ఉంది. దాదాపు 44 కిలోమీటర్లు. 2005లో ఒప్పందం కుదిరినప్పుడు 5 ఏళ్ల గడువు పెట్టుకున్నారు, 2025 నాటికీ పూర్తి కాలేదు. కొండ లోపల ఏముందో తవ్వే దాకా తెలియనట్టే కోడ్ లోపల ఏముందో కూడా తెలియదు.

కాబట్టి "ఎన్ని రోజులు పడుతుంది?" అని అడగడం మానేయండి. "ఇలాంటి స్క్రీన్లు గతంలో ఎంత తీసుకున్నాయి?" అని అడగండి. మీ పాత స్ప్రింట్ల రికార్డులో సమాధానం ఉంది. తరుగు స్క్రీన్ లాంటివే, అంటే మిల్లుకో తీరు మారే లెక్కలున్న పనులు వెతికి, మొదలుపెట్టిన తేదీ, నిజంగా ముగిసిన తేదీ పక్కపక్కన రాయండి. ఆ తేదీలను గోడకు అంటించి, అంచనా వేసే ముందు అందరూ ఒకసారి చదవండి.

రెండోది, మీ సీనియర్ మొదట నోరు విప్పడం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. 1974లో కానమన్, ట్వెర్‌స్కీ ఒక అంకెల చక్రం తిప్పారు. అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా చేసి ఉంచారు. తరవాత, ఐక్యరాజ్య సమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగారు. చక్రం 10 చూపినవాళ్లు మధ్యస్థంగా 25 అన్నారు, 65 చూపినవాళ్లు 45 అన్నారు. ఏ సంబంధమూ లేని చక్రమే మనసును అంత లాగితే, మీరు గౌరవించే మనిషి నోటి నుంచి వచ్చిన అంకె ఎంత లాగుతుందో ఆలోచించండి. ఆ అమ్మాయికి ధైర్యం లేకపోవడం ఇందులో ఒక భాగమే. ధైర్యమున్న మిగతావాళ్లకు కూడా ఆ మూడు చెవినపడ్డాక ఏడు తట్టదు. నాలుగో ఐదో తడుతుంది.

ప్లానింగ్ పోకర్ పుట్టింది ఇందుకే. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దాన్ని ముందుకు తెచ్చారు. అందరూ తమ అంచనా అంకె ఉన్న కార్డును బోర్లా పెట్టి, ఒకేసారి తిప్పాలి. చాలా జట్లు కార్డులు కొంటాయి కానీ తిప్పే ముందే "ఇది చిన్నదేగా" అని ఎవరో ఒకరు అననిస్తాయి. ఆ ఒక్క మాటతో కార్డుల ప్రయోజనం పోయింది. తిప్పాక మొదట మాట్లాడాల్సింది అందరికంటే పెద్ద అంకె, చిన్న అంకె పెట్టినవాళ్లు. ఆ అమ్మాయి 13 పెట్టి ఉంటే కారణం చెప్పే వంతు నియమం ప్రకారం ఆమెదే అవుతుంది, పెద్దవాళ్లకు ఎదురు చెప్పినట్టు అవదు. కాంటా డిస్‌ప్లే నుంచి కంప్యూటర్‌కు వచ్చే అంకెల వరుస ఒక్కో తయారీదారుది ఒక్కో రకం. కొన్ని, లారీ ఇంకా కదులుతుండగానే అంకెలు పంపుతూనే ఉంటాయి. ఏ అంకె దగ్గర తూకం నిలకడగా ఉందో మన ప్రోగ్రామే తేల్చుకోవాలి. బహుశా ఆమె చూసిన చిక్కు అదే. అంచనా కంటే ఆ కబురు బయటికి రావడం ఎక్కువ విలువైనది.

మూడోది, ఏ పని ఎక్కడుందో చూపే మీ బోర్డులో "జరుగుతున్నవి" గడిలో ఇప్పుడు ఎన్ని పనులున్నాయి? 8 మందికి 12 ఉన్నాయంటే నేను ఆశ్చర్యపోను. ఒక క్షణంలో మనసులో నిలిపి ఉంచుకోగలిగేవి 7కు అటూ ఇటూ అని జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. 2001లో నెల్సన్ కోవన్ ఆ సంఖ్యను 4 దగ్గరికి దించారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్తే మొదటిదాని తాలూకు ఆలోచన కొంత అక్కడే చిక్కుకుపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. దీనికి లెక్క కూడా ఉంది. వారానికి 3 పనులు పూర్తయ్యే జట్టు 12 పనులు తెరిచి ఉంచితే ఒక్కో పని సగటున 4 వారాలు పడుతుంది. 6 తెరిస్తే 2 వారాలు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది. బోర్డు మీద పరిమితి రాయండి. గడి నిండితే కొత్తది తీయకూడదు, ఉన్నదాన్ని ముగించడానికి పక్కవాళ్లకు చేయి వేయాలి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. కార్డులతో మొదలుపెట్టండి.

---

పానగల్లు

చాలా ధన్యవాదాలు సార్. ఆశ్చర్యపోనన్నారుగా, ఇప్పుడే చూశాను, ఆ గడిలో 11 ఉన్నాయి.

ఒక సంకోచం. మా సీనియర్ మంచి మనిషి, పిల్లలకు ఓపికగా నేర్పుతారు. కార్డులు పెట్టి ఆయనను మొదట మాట్లాడవద్దంటే ఆయన అనుభవానికి విలువ లేదన్నట్టు అవుతుందేమో. నిజానికి చాలా పనుల్లో ఆయన చెప్పినదే సరిపోతుంది కూడా.

---

మూసీ

అమ్మా, మీ సంకోచంలో విషయముంది. పై సమాధానంతో నాకు కొంత ఏకీభావం, కొంత విభేదం.

అనుభవజ్ఞుడి అంచనాను ఎప్పుడు నమ్మాలన్న దానిపై రెండు భిన్నమైన వర్గాలకు చెందిన పరిశోధకులు, కానమన్, గ్యారీ క్లైన్, 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. క్లైన్ అగ్నిమాపక అధికారుల లాంటివాళ్ల అంతర్బుద్ధిని మెచ్చుకున్నవారు. కానమన్ దాన్ని శంకించినవారు. ఇద్దరూ ఒప్పుకున్నది ఏమిటంటే, పని జరిగే చోట ఒక క్రమం ఉండాలి, తన అంచనా తప్పో ఒప్పో ఆ మనిషికి త్వరగా, పదే పదే తెలుస్తుండాలి. ఈ రెండూ ఉన్నచోట అంతర్బుద్ధి పదునెక్కుతుంది. లేనిచోట ధీమా మాత్రమే పెరుగుతుంది, మనిషికి లోపల రెండూ ఒకేలా అనిపిస్తాయి.

మీ సీనియర్ గారిని దీనితో చూడండి. పట్టికలు, నివేదికలు, డేటాబేస్ పనుల్లో ఆయన ఎన్నో చేసి ఉంటారు, ఫలితం వెంటనే చూసి ఉంటారు. అక్కడ ఆయన అంకెను నమ్మండి. కాంటాలు, మిల్లుకో తీరు మారే తరుగులు వేరు. అక్కడ ఆయన ఎక్కడ తప్పారన్నది నెలల తరవాత, అదీ వేరేవాళ్ల ద్వారా తెలుస్తుంది. ఈ తేడాను ఆయనతోనే కూర్చుని, రికార్డు ముందు పెట్టుకుని మాట్లాడండి. మర్యాద తెలిసిన అనుభవజ్ఞుడు దీన్ని అవమానం అనుకోడు. ఇంకో మాట: ఆయన చేసిన పనిని మిల్లులోనే, కాంటా గదిలో కూర్చునే గుమస్తాకే చూపించండి. ఆ గుమస్తా ఎక్కడ వేలు పెట్టి ఆగిపోయాడో సీనియర్ తన కళ్లతో చూడాలి. చిన్న స్ప్రింట్ల అసలు బలం అదే. రెండు వారాలకొకసారి నిజం ఎదురుపడితే మనిషి తీర్పు సరిదిద్దుకుంటుంది.

మాది ఆలేరు ప్రాంతం. మా దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం మొదలుపెట్టి 1999లో పూర్తిచేశారు. మొత్తం యంత్రం నమూనా ముందే గీసుకుని మొదలుపెట్టింది కాదు. ఒక కదలిక సాధించి, దాన్ని ఆడించి చూసి, తరవాతి కదలిక దగ్గరికి వెళ్లారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చిన్న ఊళ్లవాళ్లకు ఓనర్‌షిప్ రాదన్న ఆ మేనేజర్ గారికి ఈ సంగతి చెప్పండి.

ఇక విభేదం. అన్నిటినీ బుర్ర పరిమితుల ఖాతాలో వేస్తే అధికారం తప్పించుకుంటుంది. మీ స్ప్రింట్ మొదలయ్యే ముందే హైదరాబాద్ నుంచి తేదీ వచ్చేస్తోందా? వస్తుంటే మీ గదిలో మొదట మాట్లాడుతున్నది సీనియర్ కాదు, ఆ తేదీ. అది గోడ మీద ఉండగా కార్డులు బోర్లా పెట్టినా ఉపయోగం లేదు. అంచనా ముగిసే వరకు తేదీని జట్టుకు చెప్పకండి. అంచనాకు, తేదీకి పొసగకపోతే పని తగ్గించాలి, అంచనా తగ్గించకూడదు. ఈ పోరాటం లీడ్‌గా మీరే చేయాలి. ఏ కోచ్ మీ బదులు చేయడు.

---

దేవరకొండ

అక్కా, నేను టెస్టర్‌ని. ఇలాంటి చర్చల్లో టెస్టింగ్ ఎప్పుడూ చివరికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

1960లో పీటర్ వేసన్ ఒక ప్రయోగం చేశారు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, ఇవి ఒక నియమాన్ని పాటిస్తున్నాయి, వేరే అంకెలు చెప్పి చూసి ఆ నియమం కనుక్కోండి అన్నారు. ఎక్కువమంది 8, 10, 12 లాంటివి చెప్పి "అవును" అనిపించుకున్నారు, రెండేసి పెరుగుతాయని తేల్చేశారు. అసలు నియమం: ఏవైనా మూడు అంకెలు, పెరుగుతూ పోతే చాలు. 1, 2, 50 అని అడిగి ఉంటే తమ ఊహ తప్పని తెలిసేది. తాను నమ్మినదాన్ని విరగ్గొట్టే ప్రశ్న మనిషి తనంతట తాను వేసుకోడు.

తరుగు స్క్రీన్ రాసినవాళ్లు తేమ 18 ఇచ్చి చూస్తారు, 20 ఇచ్చి చూస్తారు. రెండూ సరిగ్గా వస్తాయి. సరిగ్గా 17 ఇస్తే? తేమ గడి ఖాళీగా వదిలితే? 17.5కు బదులు తొందరలో 175 కొడితే? సగం బస్తాలు దించాక మిల్లు వద్దంటే రైతు మిగతా లోడుతో వెనక్కి వెళ్తాడు, మరి ఖాళీ బండి తూకం ఎక్కడి నుంచి వస్తుంది? ఇవి నాకు తడుతున్నాయంటే నాకు తెలివి ఎక్కువ అని కాదు, ఆ కోడ్ నేను రాయలేదు, అంతే. అందుకే రాసినవాళ్లు వేరు, విరగ్గొట్టేవాళ్లు వేరుగా ఉండాలి. మీ జట్టులో ప్రత్యేకంగా టెస్టర్ లేకపోతే, పని మొదలయ్యే ముందే ఇంకొకరు కూర్చుని "ఇది ఎలా చెడుతుంది" అన్న జాబితా రాయాలి. పని అయ్యాక రాస్తే వాళ్లు కూడా ఆ కోడ్ ప్రేమలో పడతారు.

రెట్రో గురించి కూడా. "ఇంకా బాగా మాట్లాడుకోవాలి" అని ఎందుకు రాస్తున్నారంటే, జరిగిపోయాక ప్రతిదీ ముందే తెలిసినట్టు అనిపిస్తుంది. బారూక్ ఫిష్‌హాఫ్ 1975లో చూపించిన సంగతి ఇది. ఫలితం తెలిశాక, అది జరుగుతుందని ముందే ఎంత గట్టిగా అనుకున్నామో మన జ్ఞాపకమే మార్చి చెబుతుంది. అప్పుడు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. దీనికి పైన చెప్పిన గ్యారీ క్లైన్‌ది ఒక ఉపాయం ఉంది, 2007లో రాశారు. పని మొదలుపెట్టే ముందే అది విఫలమైపోయిందని అనుకుని, కారణాలు రాయడం. నేనైతే మీ జట్టుకు ఇలా చెబుతాను: "నవంబర్ నెల. వానాకాలం వడ్లు వచ్చేశాయి. మిల్లు గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలిచాయి. మన సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది, గుమస్తా కాగితం మీద టోకెన్లు రాస్తున్నాడు. ఎందుకు ఆగిందో రాయండి." ఆగుతుందా అని అడిగితే అందరూ ఆగదంటారు. ఆగింది, ఎందుకో చెప్పు అంటే కలం కదులుతుంది. మీ చిన్నమ్మాయి కాంటా గురించి రాసేది ఇక్కడే.

---

పిల్లలమర్రి

మూసీ గారూ, తేదీ గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. నేను ముందే రాయాల్సిన మాట.

పానగల్లు గారూ, కోచింగ్ గురించి కూడా చెప్పాలి. మీరు వర్ణించిన రెండు రోజుల శిక్షణ నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే మా వృత్తిలో అది మామూలైపోయింది. వాడని పాఠం ఎంత త్వరగా జారిపోతుందో ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగం చేసి చూపారు. బయటినుంచి వచ్చినవాడు ఆలస్యమైన పనిని చూసి "వీళ్లకు క్రమశిక్షణ లేదు" అంటాడు. అదే ఆలస్యం తన పనిలో జరిగితే "కాంటా కంపెనీవాడు వివరాలు పంపలేదు" అంటాడు. ఎదుటివాడి విషయంలో స్వభావాన్ని, తన విషయంలో పరిస్థితిని చూడటం మనందరిలో ఉంది. లీ రాస్ 1977లో ఈ మొదటి సగానికి, పరిస్థితిని వదిలి ఎదుటివాడి స్వభావాన్ని పట్టుకోవడానికి, ఒక పేరే పెట్టారు. కోచ్ దీని నుంచి తప్పించుకోలేడు. నేను చేయగలిగింది ఒకటే. ఎవరి గురించైనా "వీడు ఇంతే" అని నా మనసు అనగానే, అతని పక్కన కూర్చుని ఒక పూట పని చూస్తాను. చాలాసార్లు కారణం అతని బల్ల మీదే కనబడుతుంది.

"ధైర్యంగా మాట్లాడండి" అని చెబితే ఎవరూ మాట్లాడరు. ఏమీ జరగదన్న నమ్మకం కుదిరాకే మాట్లాడతారు. 1999లో ఏమీ ఎడ్మండ్‌సన్ జట్ల మీద చేసిన అధ్యయనంలో, తప్పు చెప్పినా తలదించుకోవాల్సిన పని లేదన్న నమ్మకమున్న జట్లే ఎక్కువ నేర్చుకున్నాయని తేలింది. ఆ నమ్మకం ఉపన్యాసంతో రాదు. ఆ అమ్మాయి మొదటిసారి 13 కార్డు తిప్పినప్పుడు గదిలో అందరూ మీ ముఖం, సీనియర్ గారి ముఖం చూస్తారు. ఆయన "చెప్పమ్మా, ఏం చూశావు?" అంటే ఆ రోజు నుంచి గది మారుతుంది. అందుకే కార్డుల సంగతి ముందు ఆయనకు ఒక్కరికే చెప్పండి. ఆ ప్రశ్న వేసే బాధ్యతను ఆయనకే అప్పగించండి. అప్పుడు ఆయన అనుభవం పక్కకు పోదు, కొత్త చోట పనికొస్తుంది.

---

పానగల్లు

ఇది నాకు తట్టలేదు సార్. ఆయనతో రేపే మాట్లాడతాను. తేదీ విషయం మూసీ గారు ఊహించినట్టే ఉంది, స్ప్రింట్ మెయిల్‌లో మొదటి వరుసలోనే వస్తుంది. ఇకమీదట ఆ మెయిల్ నాకు ఒక్కదానికే పంపమని అడుగుతాను. కాదంటే ఎవరిని ఒప్పించాలో తెలుసు.

దేవరకొండ తమ్ముడూ, నువ్వు చెప్పిన నవంబర్ ప్రశ్న చాలా నచ్చింది. ఒక చిన్న చిక్కు. మేము 8 మందిమే, ఒకరి చేతిరాత ఇంకొకరికి బాగా తెలుసు. పేరు రాయకపోయినా చీటీ చూడగానే ఎవరిదో చెప్పేస్తారు. సార్ కోడ్ వల్లే ఆగింది అని ఎవరు రాస్తారు?

---

దేవరకొండ

చీటీలు వద్దక్కా. లాగిన్ అడగని ఒక ఆన్‌లైన్ ఫారం పెట్టు, అందరూ తమ ఫోన్ నుంచే పది నిమిషాలు టైపు చేయాలి, తెలుగో ఇంగ్లిషో వాళ్ల ఇష్టం. నువ్వూ, సీనియర్ గారూ కూడా రాయాలి. వచ్చిన కారణాలను వరుస కలిపేసి నువ్వే పైకి చదువు, ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. రెండు మూడు కారణాలు నీ సొంత పని మీద ఉండేలా నువ్వే రాయి. అవి నువ్వు మామూలు గొంతుతో చదివితే మిగతావి వినడం సీనియర్ గారికి తేలికవుతుంది. తరవాత ఏ కారణాలకు ఈ స్ప్రింట్‌లోనే పని పెట్టాలో ప్లానింగ్ కార్డులతోనే తేల్చండి.